ఎన్నూరు బూడిద నుంచి ఊరూరు కుప్పం ఇసుక దాకా

గురువారం, ఎన్నూరు

చెన్నైలో సంగీతం అనగానే తెలుగువాళ్ల కాళ్లు మైలాపూరు సభల వైపు పోతాయి. డిసెంబరు కచేరీలు, క్యాంటీన్ కాఫీ, పట్టుచీరలు. అదొక చెన్నై. పాటనీ డప్పునీ గోడమీద బొమ్మనీ పోరాటానికి పనిముట్లుగా చేసుకున్న చెన్నై ఇంకోటి ఉంది. దాన్ని చూడాలంటే ఉత్తరం కొసన మొదలుపెట్టి, సముద్రం పక్కనే దక్షిణానికి దిగాలి. పాటలు దేనికోసం పుట్టాయో ముందు కళ్లారా చూస్తే, విన్నప్పుడు సగం అర్థం వెతుక్కునే పని ఉండదు.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ సబర్బన్ స్టేషన్‌లో గుమ్మిడిపూండి రైలెక్కాలి. సూళ్లూరుపేట వాళ్లకిది రోజూ పోయే దారే. టికెట్ పది రూపాయల లోపే. ఎన్నూరులోనే దిగాలి. ఎన్నూరు వాగు పేరు ఫోన్ మ్యాపులో కొట్టి అత్తిపట్టు పుదునగర్‌లో దిగితే థర్మల్ కేంద్రం, బొగ్గు లారీలు తప్ప నీళ్లు కనపడవు. మళ్లీ వెనక్కి రావడానికి ఆటోకి నూటయాభై అడుగుతారు. ఎన్నూరు స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి. ‘ముగత్తువారం’ అంటే చాలు, నదీముఖం దగ్గర దించుతారు.

చిత్తూరు జిల్లా కొండల నుంచి వచ్చే నగరి నీళ్లు కలుపుకొని కొసస్థలై నది ఇక్కడ సముద్రంలో పడుతుంది. వాగు మీదుగా బూడిద పైపులు పోతాయి. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదని నీళ్లలో కలిపి ఈ పైపుల్లో చెరువుకి పంపుతారు. అతుకుల దగ్గర కారిన బూడిద ఏళ్ల తరబడి వాగు అడుగున పేరుకుంది. లోతు తగ్గితే పడవ నేలకి తగులుతుంది. పోటు నీరు మడ అడవిలోకి ఎక్కదు, రొయ్య పిల్ల పెరగదు. పీత దొరికే చోట సిమెంటులాంటి బురద చేతికొస్తుంది. 2017 జనవరి చివర్లో నౌకలు గుద్దుకుని ఒలికిన నూనె, 2023 డిసెంబరు వరదల్లో కొట్టుకొచ్చిన నూనె దీనికి తోడయ్యాయి.

ఈ బూడిద మధ్య నిలబడి కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ పాడిన ‘చెన్నై పోరంబోకు పాడల్’ 2017 జనవరిలోనే బయటికొచ్చింది. రాసింది కబేర్ వాసుకి, చిత్రించింది రతీంద్రన్ ఆర్. ప్రసాద్. పశువులు మేసే బీడు, వాగు, చెరువుగట్టు లాంటి ఊరుమ్మడి నేలని పనికిరాని నేలగా లెక్కగట్టి ఫ్యాక్టరీలకి ఎలా ఇచ్చేశారో చెప్పే పాట అది. ఆనందభైరవితో మొదలై బేగడ, దేవగాంధారి మీదుగా సాగే రాగమాలిక. మాట మాత్రం చెన్నై వీధి తమిళం. ఆ యాసని గ్రాంథికం చేయకుండా, కచేరీ గమకాన్ని తగ్గించకుండా రెండింటినీ ఒకచోట నిలబెట్టడం అసలు పనితనం. యాసని చక్కబెట్టి ఉంటే ఈ రేవులో ఎవరూ నోటికి ఎత్తుకునేవాళ్లు కాదు.

ఇంతకుముందు 2015లో సోఫియా అష్రఫ్ పాడిన కొడైకెనాల్ ర్యాప్ కూడా ఈ వరసలోదే. థర్మామీటర్ ఫ్యాక్టరీ పాదరసానికి ఆరోగ్యం పోగొట్టుకున్న కార్మికుల కోసం కట్టిన పాట. విన్నవాళ్లు వెంటనే సంతకం చేయడానికి పిటిషన్ సిద్ధంగా పెట్టి పాటని వదిలారు. 2016 మార్చిలో కంపెనీ 591 మంది పాత కార్మికులతో ఒప్పందానికొచ్చింది. కార్మికులు ఫ్యాక్టరీ మూతపడ్డ 2001 నుంచీ పోరాడుతున్నారు కాబట్టి పాట ఒక్కటే గెలిపించిందనడం తప్పు. ఏళ్ల పోరాటం చివర్లో, ఒకే ఒక్క స్పష్టమైన డిమాండుతో వచ్చింది కాబట్టి పాటకి పట్టు దొరికింది. ‘పర్యావరణాన్ని కాపాడండి’ అని ఊరికే పాడే పాటలు పదిరోజుల్లో గాల్లో కలిసిపోవడానికి కారణం ఇదే.

రేవు దగ్గర చిన్న షెడ్డులో అన్నం, మడవై చేప పులుసు నూటముప్పై రూపాయలు. చింతపండు చిక్కగా, కొబ్బరి లేకుండా, నెల్లూరు పులుసుకి దగ్గరగా ఉంది. ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. ఆరేసిన వలని దాటి అడుగు వేయకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. దాటితే ఎవరూ తిట్టరు, కానీ ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

సాయంత్రం తిరిగొచ్చి బీచ్ స్టేషన్ ఎదుటి సందుల్లో అత్తో తినాలి. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి. నారింజరంగు నూడుల్స్, క్యాబేజీ, వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, చింతపండు నీళ్లు, పొడిచేసిన బేజో (కరకరలాడే వేపుడు), కారం, నిమ్మరసం వేసి చేత్తోనే కలుపుతారు. పక్కన అరటి దూట సూప్. ప్లేటు డెబ్బై రూపాయలు, మసాలా గుడ్డు పదిహేను. వేడిగా ఉండదు, ఉండకూడదు కూడా. తొమ్మిది దాటితే బండ్లు ఖాళీ.

శుక్రవారం, ఎగ్మూరు, వ్యాసార్పాడి

ఎగ్మూరులో నీలం బుక్స్ ఉంది. దర్శకుడు పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం నడిపే పుస్తకాల దుకాణం ఇది. అంబేడ్కర్, పెరియార్, అయోత్తిదాసర్ రచనలు, దళిత కథలు, పత్రికలు. కుర్చీ వేసుకుని చదువుకుంటే ఎవరూ లేపరు. తమిళం రానివాళ్లకి ఇంగ్లిషు అర కూడా ఉంది.

ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం నీలం, సంగీతకారుడు తెన్మా కలిసి కట్టింది. 2018 జనవరి 6న కీల్పాక్‌లో తొలి కచేరీ చేసింది. పేరు అయోత్తిదాసర్ (1845–1914) నుంచి వచ్చింది. జనాభా లెక్కల్లో ‘కులం లేని తమిళులు’గా రాయించుకోండని దళితులకి పిలుపిచ్చినవాడు ఆయన. రిజర్వేషన్లు, గొడ్డుమాంసం, పాకీపని చావులు, పరువు హత్యలు ఈ బృందం పాటల వస్తువులు. గానా, ర్యాప్, రాక్ ఒకే వేదిక మీద.

గానా ఉత్తర చెన్నై కార్మికవాడల పాట. చావింట్లో రాత్రంతా పాడే మరణ గానా దానికి వేరు. పాడేవాడు ముందు ఇంటివాళ్ల దగ్గర కూర్చుని పోయినవాళ్ల పేరు, చేసిన పని, పిల్లల పేర్లు అడిగి తెలుసుకుంటాడు. తర్వాత ఆ పేర్లని అప్పటికప్పుడు వరసలో ఇముడుస్తాడు. మన వీధి భాగోతాల్లో అప్పటికప్పుడు మాట కలిపే నేర్పు ఉన్నవాళ్లు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. చరణం చివర ప్రాస తప్పితే పాట పడిపోతుంది. తాళం తప్పితే సర్దుకుంటారు, ప్రాస తప్పితే సర్దుకోరు.

గానాని రాక్ బృందంతో కలపడంలో అసలు చిక్కు వాయిద్యాల్లో ఉంది. రెండు పుల్లలతో కొట్టే సట్టి వాయిద్యం, డ్రమ్స్‌లో చురుగ్గా మోగే స్నేర్ ఒకే ఎత్తులో, ఒకే పదునుతో మోగుతాయి. రెండూ కలిసి వాయిస్తే వినేవాడికి గోల తప్ప ఏదీ విడిగా వినపడదు. స్నేర్ తగ్గించి, కాలితో కొట్టే కిక్ డ్రమ్ముని మాత్రం ఉంచి, పై తాళం సట్టికి వదిలేయాలి. డోలక్ ఎడమవైపు గుమకీ బేస్ గిటారుతో ఢీకొంటుంది. బేస్ వాయించేవాడు తక్కువ స్వరాలు, పొడుగ్గా పట్టాలి. గానా గొంతు ముక్కూ గొంతూ కలిసిన పైస్థాయి గొంతు. మైకుకి అర జానెడు దూరంలో నిలబెట్టి, ఈక్వలైజర్‌లో పైస్వరాలు తీసేయకుండా ఉంచాలి. నగరపు సౌండ్ ఇంజనీర్లు మొదట చేసే తప్పు ఆ గొంతుని ‘మెత్తబరచడం’. మెత్తబడితే అది గానా కాదు.

గానాలో ఆడవాళ్లని కించపరిచే పాటలు తక్కువేం లేవు. ఈ రంగాన్ని ప్రేమించేవాళ్లు ఆ మాట దాచకుండా చెప్పాలి. అందుకే ఇసైవాణి వంటి గాయని మైకు పట్టడం పెద్ద విషయం. 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరుంది. మగవాళ్ల చావు పాటగా ఉన్నదాన్ని ఆడగొంతు పాడితే పదాలు మార్చక తప్పదు. పాత పాటల్లో సగం ఆమె నోటికి పనికిరావు, కొత్తవి రాసుకోవాలి.

మధ్యాహ్నం వ్యాసార్పాడి వైపు వెళ్తే సందుల్లో క్యారమ్ బల్లలు, ఫుట్‌బాల్, టీకొట్లు. ఉత్తర చెన్నై పారిశుద్ధ్య కార్మికుల వాడల్లో తెలుగు వినపడుతుంది. తరాల కిందట వలసొచ్చిన కుటుంబాల తెలుగు. క్రియలు మనవి, రాగం తమిళానిది. ‘యాడ నించి వస్తిరి అన్నా?’ అని ఒక పెద్దామె అడిగింది. హైదరాబాదు అంటే టీకి డబ్బులు తీసుకోలేదు. 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు ఉండే రిప్పన్ బిల్డింగ్ ముందు, ప్రైవేటు కాంట్రాక్టుకి వ్యతిరేకంగా కూర్చుని, పదమూడో రోజు అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకెళ్లిన పారిశుద్ధ్య కార్మికులు ఈ ఉత్తర చెన్నై వాళ్లే. గానా బృందాలు పాకీపని మీద పాడే పాటలు ఈ ఇళ్ల మధ్య వింటే బరువు తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల పాటగాళ్లకి ఈ వాడలతో ఇప్పటికీ రాకపోకలు లేకపోవడం నాకు బాధగానే ఉంది. జననాట్యమండలి పాటలు అనువాదం లేకుండా అర్థమయ్యే శ్రోతలు హైదరాబాదుకి నాలుగొందల మైళ్ల దూరంలో ఉన్నారు.

శనివారం, కన్నగినగర్

ఇందిరానగర్ ఎం.ఆర్.టి.ఎస్. స్టేషన్ గోడ చూసి బయల్దేరితే మంచిది. వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్, తమిళనాడు ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి వేయించిన బొమ్మ అది. ఎ-కిల్, ఖత్రా అనే చిత్రకారులు హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవాళ్లనీ మామూలు జనాన్నీ పక్కపక్కన గీశారు. ఎవరు ఎవరో చెప్పే గుర్తు ఉండదు.

అక్కడి నుంచి పాత మహాబలిపురం రోడ్డు మీద ఒక్కియం తొరైపాక్కం దాకా బస్సు. మెట్రో పనుల వల్ల స్టాపులు జరిగాయి. కండక్టర్‌ని ముందే అడిగి దిగకపోతే కిలోమీటరు నడక. తెల్లబోర్డు ఉండే మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. రోడ్డు నుంచి లోపలికి షేర్ ఆటో ఇరవై. ఎళిల్‌నగర్ అని ఎక్కిస్తే అక్కడిదాకా పోవద్దు, బొమ్మలు అంతకు ముందే వస్తాయి.

2000 నుంచి కూవం గట్టు, అడయారు గట్టు, ఇంకా ఎన్నో గుడిసెల వాడలు ఖాళీ చేయించి జనాన్ని ఇక్కడికి, కన్నగినగర్‌కి తెచ్చారు. పాత పనులకి 20 కిలోమీటర్ల దూరం. తొలి బ్లాకుల్లో ఒక్కో ఇల్లు 200 చదరపు అడుగుల లోపే. ఈ చిరునామా చెబితే పని ఇవ్వని కంపెనీలున్నాయని ఇక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. 2020లో స్టార్ట్ ఇండియా, కార్పొరేషన్, ఒక పెయింట్ కంపెనీ కలిసి బ్లాకుల పక్కగోడల మీద పెద్ద బొమ్మలు వేయించారు. చెన్నై తొలి ఆర్ట్ డిస్ట్రిక్ట్ అన్నారు.

ఇలాంటి గోడకి ఏం కావాలో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి తప్పొప్పులు గోడమీదే కనిపిస్తున్నాయి. నలభై అడుగుల వెడల్పు, నలభై ఎత్తు అంటే 1600 చదరపు అడుగులు. బయటి ఎమల్షన్ లీటరుకి రెండు కోటింగులు యాభై అరవై చదరపు అడుగులు వస్తుంది కాబట్టి ఒక్క నేపథ్యానికే ముప్పై లీటర్లు, ప్రైమర్ వేరు. ముందు ఊడే సున్నాన్ని ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లతో కడిగి, పగుళ్లు పూడ్చి, రెండు రోజులు ఆరనివ్వాలి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి. ఆగకపోతే సిమెంటులోని క్షారం రంగుని తినేస్తుంది. బొమ్మని గోడకి ఎక్కించడానికి ప్రొజెక్టర్ పనికిరాదు. సందు ఇరుకు, వెనక్కి జరిగే చోటుండదు, వీధిదీపాలు ఆపరు. గోడంతా పిచ్చిగీతలు గీసి, ఫోటో తీసి, దానిమీద ఫోన్‌లో బొమ్మని పరిచి, ఏ గీత ఏ గీతను దాటుతుందో చూసుకుంటూ గీయడమే దారి. ఖర్చులో పెద్దది రంగు కాదు, ఎత్తుకెక్కించే బూమ్ లిఫ్టు అద్దె. అది మట్టిరోడ్డులో దిగబడితే రోజంతా పోతుంది.

పాడయ్యేది ఎక్కడంటే డ్రైనేజీ పైపు దగ్గర. పై అంతస్తు పైపు పగిలి కారితే గోడలోపల తేమ చేరి ఉప్పు పూస్తుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. మీద ఎన్ని కోటింగులు వేసినా ఆగదు. ఒక మంచి ముఖానికి చెంప మీద సరిగ్గా అలాగే ఊడింది. కింద మెట్ల మీద కూర్చున్న ఒక అక్క పైపు చూపించి, ‘బొమ్మకి ముందు ఇది కట్టి ఉండొచ్చు కదా’ అంది. కొత్త గోడ ఎంచుకునే ప్రతి కళాబృందం ముందు ఒక ప్లంబర్‌ని తీసుకురావాలని నేను అంటాను. రంగు బడ్జెట్‌లో పదోవంతు పైపులకి పెడితే బొమ్మ రెండింతలు నిలుస్తుంది, ఇంట్లో చెమ్మ కూడా తగ్గుతుంది. పడమటి గోడల మీద పసుపు, ఎరుపు ముందే వెలిశాయి. నీలాలు, మట్టిరంగులు నిలిచాయి.

పిల్లలు తమ బ్లాకుని నంబరుతో కాక బొమ్మతో చెప్పడం మొదలుపెట్టారు. బయటి నుంచి ఫోటోలకోసం వచ్చేవాళ్లతో బజ్జీబండికి గిరాకీ వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. బొమ్మ వల్ల బస్సులు పెరగలేదు, పని దగ్గరికి రాలేదు. ఆ రెండూ కళాకారుడి చేతిలో లేనివి. గోడమీద ఎవరి ముఖం ఉండాలనేది మాత్రం అతని చేతిలోదే. వాడవాళ్ల ముఖాలున్న గోడల మీద పోస్టర్లు అంటించలేదు, అలంకారపు డిజైన్లున్న వాటిమీద అంటించారు.

ఆదివారం, ఊరూరు-ఆల్కాట్ కుప్పం

బీసెంట్ నగర్ టెర్మినస్ నుంచి బీచి పక్కన ఉత్తరంగా నడిస్తే పది నిమిషాల్లో కుప్పం, అంటే జాలరి పల్లె. ఇంకా ముందుకు పోతే అడయారు నది సముద్రంలో కలిసే చోట 1977లో కూలిన వంతెన. పొద్దున ఏడులోపు వస్తే చేపలు దొరుకుతాయి. నెత్తళ్లు కుప్పగా పోసి అమ్ముతారు. బేరం ఆడొచ్చు, కానీ చేపని వేలితో నొక్కి చూసి కొనకపోతే మాట పడాలి.

2015లో ఈ కుప్పంలో ఎల్లైయమ్మన్ గుడి దగ్గర కచేరీ పండుగ మొదలైంది. కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్, కుప్పం నుంచి కె. శరవణన్ ముందు నిలిచారు. ప్రవేశం ఉచితం. త్యాగరాజు తెలుగు కృతి, మన డప్పులాంటి పరై, విల్లు వాయిస్తూ కథ చెప్పే విల్లుపాట, తమిళ వీధినాటకం కట్టైక్కూత్తు, భరతనాట్యం ఒకే ఇసుక మీద. సభలో పాడేవాళ్లని వాడకి తేవడంతో సరిపెట్టకుండా, పరైని సభా మందిరాల్లోకీ తీసుకెళ్లారు. 2018 నుంచి ‘చెన్నై కలై తెరు విళా’ పేరుతో నగరంలోని ఇంకొన్ని చోట్లకి పాకింది. పేదలకి శాస్త్రీయ సంగీతం దానం చేస్తున్నారా అని మొదట్లో విమర్శలొచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే. రెండువైపులా రాకపోకలు పెట్టాకే దానికి జవాబు దొరికింది.

ఇసుక మీద వేదికకి కొన్ని లెక్కలున్నాయి. జాలర్లు తెల్లవారుజామున మూడింటికి లేస్తారు, కాబట్టి ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలి. చట్టం ప్రకారం మైకులు పదింటికి ఆపాలి, అనుమతి పత్రం పోలీస్ స్టేషన్ నుంచి ముందే తేవాలి. స్పీకర్లు నేరుగా ఇసుక మీద పెడితే ఒరుగుతాయి, కింద చెక్కలు పరవాలి. కేబుల్ అతుకులకి ప్లాస్టిక్ చుట్టకపోతే ఉప్పుగాలికి చిటపటలు మొదలవుతాయి. గాలి సముద్రం నుంచి వీస్తుంది కాబట్టి గాయకుడి వీపు సముద్రం వైపు ఉండాలి, మైకుకి స్పాంజి తొడుగు తప్పనిసరి. మృదంగం తోలు చెమ్మకి శ్రుతి దిగుతుంది. పాటకీ పాటకీ మధ్య రాయితో అంచు కొట్టి పైకి తెచ్చుకోవాలి, దానికి కార్యక్రమంలో సమయం వదలాలి. కుర్చీలు వేస్తే ముందు వరసలు బయటివాళ్లతో నిండిపోతాయి. జంపఖానా పరిస్తే కుప్పం పిల్లలూ ముసలమ్మలూ ముందుకొస్తారు.

పరైది ఇంకో పేచీ. ఒకచోట కుర్రాళ్లు సాధన చేస్తుంటే చూడొచ్చు, ముందు చెప్పులు విప్పాలి. వేపచెక్క చట్రం, ఆవుతోలు, రెండు పుల్లలు. పొడుగ్గా సన్నగా ఉండేది సిండుకుచ్చి, పొట్టిగా లావుగా ఉండేది అడికుచ్చి. మన డప్పుకి చిటికెన పుల్ల, చిర్ర ఎలాగో అలాగే. సముద్రపు చెమ్మకి తోలు సాగి అరగంటలో మూగబోతుంది. కాగితం, గడ్డి, అట్టముక్కల మంట మీద మూరెడు ఎత్తున తిప్పుతూ కాచాలి. కట్టెల నిప్పు పనికిరాదు, ఒకచోటే వేడి తగిలి తోలు పగులుతుంది. వేలితో మీటితే టంగుమని పలికే దాకా కాచి, వెంటనే వాయించాలి. పది మంది బృందానికి రెండు మంటలు, కాచడానికే ఇద్దరు మనుషులు. వేదిక పక్కన మంటకి జాగా ఇవ్వని నిర్వాహకుడికి పరై సంగతి తెలియదన్నట్టే. వర్షంలో ఫైబర్ తోలు వాడతారు. శబ్దం ఉంటుంది, గుండె ఉండదు. మైకు పెట్టాలంటే పరైకి ఒక మీటరు ఎడంగా ఒక్క డైనమిక్ మైకు చాలు. మృదంగంతో కలిపి వాయించేటప్పుడు అసలు పెట్టకపోవడమే మేలు.

సాయంత్రం ఎలియట్స్ బీచిలో పచ్చిమామిడి, కొబ్బరి కలిపిన బఠాణీ సుండల్ ముప్పై రూపాయలు, పొట్లం చిన్నదైనా. కుప్పం వైపు చివరి బండ్లలో వేయించిన వంజరం ముక్క నూటయాభై.

వెళ్లదలచినవాళ్లు నెల చూసుకోవాలి. నీలం వాళ్ల ‘మార్గళియిల్ మక్కళిసై’ జానపద, గానా కచేరీలు 2020 నుంచి డిసెంబరులో జరుగుతున్నాయి. సభల సీజన్ కూడా అప్పుడే కాబట్టి పొద్దున మైలాపూరు, రాత్రి పరై, రెండూ వినొచ్చు. దళిత చరిత్ర మాసం ఏప్రిల్‌లో ‘వానం’ కళోత్సవం ఉంటుంది, ఎండకి సిద్ధపడి రావాలి. కళాబృందాలు వచ్చేట్టయితే డప్పులు రైల్లో గుడ్డ చుట్టి తెచ్చుకోవచ్చు, చట్రానికి గీత పడకుండా అట్ట పెట్టుకోవాలి. పెరంబూరు నుంచి బీసెంట్ నగర్‌కి 29సి బస్సు నేరుగా ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే నిలబడే చోటు కూడా దొరకదు, డప్పులతో ఎక్కాలంటే మూడింటి లోపే ఎక్కాలి.